నాలుగో పాట గాటు

గడ్డం గీయించుకుంటున్న మగవాడిని మించిన శ్రోత సృష్టిలో లేడు. మొహం నిండా నురగ ఉంటుంది గనుక నోరు తెరవడు. పీక మీద కత్తి ఉంటుంది గనుక తల అడ్డంగా ఊపడు. మెడ నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పి ఉంటుంది గనుక చేతులు తిప్పుతూ వాదించడు. ఇన్ని వసతులు ఏ సభలోనూ, ఏ కాపురంలోనూ ఒకచోట కుదరవు. మార్కెట్ వీధి మలుపులో ఉన్న మూడు కుర్చీల సెలూనులో కుదిరాయి. అక్కడ ముప్పయ్యేళ్ళుగా ఒకావిడ మగజాతిని కూర్చోబెట్టి కడిగేస్తోంది.

ఆవిడ ఉండేది రికార్డులో. దాని అట్ట మీద కుర్చీని వెనక్కి తిప్పి వేసుకుని, వీపు ఆనవలసిన కర్ర మీద మోచేతులు ఆనించి, మనకేసి చూస్తుంటుంది. నవ్వదు. ఫొటో తీసేవాడు నవ్వమని అడిగే ఉంటాడు. ఎందుకని ఆవిడ అడిగి ఉంటుంది. అక్కడితో ఆ సంభాషణ ముగిసిందని ఫొటో చూస్తే తెలిసిపోతుంది. ప్రార్థనా మందిరంలో పుట్టి, పానశాలలో పెరిగి, రెండు చోట్లా చెడ్డపేరు తెచ్చుకున్న సంగీతం అది. అమెరికాలో సోల్ సంగీతం అంటారు దాన్ని.

మొదటి పాటలో ఆవిడ మొగుడితో మాట్లాడుతుంది. రెండో పాటలో పని ఇచ్చిన యజమానితో మాట్లాడుతుంది. మొదటివాడే నయం అనిపిస్తుంది. మూడో పాటలో, ఆలుమగల గదిలో తనకేం కావాలో, ఇన్నాళ్ళూ ఏది సరిపోలేదో, అరటిపండు ఒలిచినట్టు చెబుతుంది. నాలుగో పాట సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక రెండో వైపంతా క్షమాపణలే. ఆవిడ అడిగేవి కావు, మనం అడగవలసినవి.

ఇంత నోరున్న మనిషిని ముప్పయ్యేళ్ళు ఇంటి మనిషిలా చూసుకున్న ఆ సెలూను యజమానికి మాత్రం నోట్లో నాలుక లేదు. ఏమడిగినా "ఊఁ" అనేవాడు. ఎండ మండిపోతోందంటే ఊఁ. మా మామగారు పోయారంటే ఊఁ. మీసం ఉంచమంటారా తీసెయ్యమంటారా అంటే కూడా ఊఁ. ఆ ఒక్క అక్షరంలోనే సంతాపం, సమ్మతి, సందేహం అన్నీ ఇమిడ్చేవాడు. అందుకని ఊరు ఆయనకు ఊఁగారు అని బిరుదిచ్చింది. బిరుదు ఇచ్చేటప్పుడు ఆయన్ని అడిగారు కూడా. ఆయన ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

ఊఁగారి తండ్రి పెట్టిన షాపు అది. ఆయన పోతూ పోతూ దాన్ని ఇద్దరు కొడుకుల పేరనా రాసిపోయాడు. అప్పటికే పెద్దవాడు కత్తి పట్టనని తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరి, ఊళ్ళో ప్రతి త్రాసునూ అనుమానంగా చూస్తున్నాడు. చిన్నవాడు ప్రతి చెంపనూ నున్నగా చేస్తున్నాడు. ఆ విధంగా పెద్దవాడికి నోరూ, చిన్నవాడికి చెయ్యీ వారసత్వంగా దక్కాయి.

రికార్డు షాపులోకి వచ్చిన వైనం కూడా చెప్పాలి. ఆ రోజుల్లో ఒక రేడియో అనౌన్సరు ఉండేవాడు. మధ్యాహ్నం గృహిణుల కార్యక్రమంలో ఆయన మూడో పాట వేశాడు. గృహిణుల నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. గృహస్థుల నుంచి వచ్చాయి. సాయంత్రానికల్లా ఆయన ఉద్యోగం ఊడింది. రికార్డు చంకన పెట్టుకుని, కొత్త ఉద్యోగానికి మొహం బాగుండాలని సెలూనుకు వచ్చాడు. మూల ఉన్న పాత ప్లేయరు చూసి, "ఒక్కసారి వేస్తారా? నా కొంప ముంచింది ఏమిటో మీరూ వినాలి" అన్నాడు.

"ఊఁ" అన్నాడు అప్పటి కుర్ర ఊఁగారు.

విన్నాడు. రెండు వైపులా విన్నాడు. అనౌన్సరుకు జుట్టు ఒక పక్క కత్తిరించడం అయింది, రెండో పక్క మొదలు కాలేదు, కత్తెర గాలిలో అలాగే ఉండిపోయింది. జీవితంలో తాను అనాలనుకుని మింగేసినవన్నీ ఎవరో ఎక్కడో ఒక మహాతల్లి తన తరఫున అనేసి, అచ్చు వేయించి, అట్టపెట్టెలో పెట్టి పంపినట్టు అనిపించింది. అనౌన్సరు ఆ రికార్డు అక్కడే వదిలేసి బస్టాండులో బస్సులు పిలిచే ఉద్యోగంలో చేరాడు. వారం వారం వచ్చి విని వెళ్ళేవాడు. తరవాత జుట్టంతా ఊడినా రావడం మానలేదు. నున్నటి తల మీద ఊఁగారు దువ్వెన ఆడించినట్టు ఆడించి, గుడ్డ దులిపి, "ఊఁ" అనేవాడు. ఆయన లేచి అద్దంలో చూసుకుని తృప్తిగా వెళ్ళేవాడు.

పెళ్ళి కూడా ఆ రికార్డు చలవే. ఒకమ్మాయి తన తమ్ముణ్ణి జుట్టు కత్తిరింపుకు తీసుకొచ్చింది. అప్పుడు మూడో పాట నడుస్తోంది. ఊఁగారు సిగ్గుతో ప్లేయరు వైపు పరుగెత్తబోతే ఆ అమ్మాయి, "ఆపకండి. అయ్యాక మళ్ళీ మొదట్నించి పెట్టండి" అంది. ఇలాంటి సంబంధాన్ని ఎవడు వదులుకుంటాడు? పెళ్ళయ్యాక ఆమె కళ్ళద్దాల షాపులో పనికి కుదిరింది. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, "మీ ఆవిడ ఎలా ఉంది?" అని అడిగేది. రికార్డు గురించే.

ఇక నాలుగో పాట. అది జోలపాటలా మొదలవుతుంది. ఆవిడ గొంతు తగ్గించి, ఎవరినో బుజ్జగిస్తున్నట్టు, తాను ఓర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే చెబుతుంది. తరవాత డ్రమ్ము ఆగిపోతుంది. ఒక్క ఊపిరి సేపు ఏమీ ఉండదు. అప్పుడు కేక. "ఇక చాలు" అని ఆవిడ పెట్టే ఆ కేకకు అద్దాలు అదురుతాయి.

కేక ఎప్పుడొస్తుందో ఊఁగారికి తెలియక కాదు. అయినా అది వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి వెంట్రుకవాసి కదిలేది. పాటతో పాటు కుడి చెంప మొదలుపెట్టే అలవాటు గనుక కేక వేళకు కత్తి సరిగ్గా ఎడమ చెవి కింద, దవడ ఎముక తిరిగే మలుపులో ఉండేది. అక్కడ బియ్యపు గింజంత గాటు పడేది. ఊఁగారు చప్పుడు చేయకుండా పటిక ముక్క తీసి రుద్దేవాడు. తెలిసినవాళ్ళు జాగ్రత్తపడి మూడో పాటకే లేచిపోవాలి కదా? అదే విచిత్రం. తెలిసినవాళ్ళు కావాలని నాలుగో పాటకే కూర్చునేవారు. జీవితంలో ఒక్కసారి ఆ కేకను చర్మంతో వినకపోతే రికార్డు విన్నట్టే కాదని ఊళ్ళో ఒక సిద్ధాంతం స్థిరపడింది. బ్యాంకు వరుసలో ముందున్న మనిషి చెవి కింద చూసి, "నాలుగో పాటా?" "నాలుగో పాటే" అని చుట్టరికాలు కలుపుకునేవారు. వేరే ఊరికి బదిలీ అయిన లెక్చరరొకడు అదే రికార్డు ఫోనులో దొరికిందని సంబరంగా విని, తరవాత ఊఁగారికి ఫోను చేసి, "పాట అదేనండీ, మెడ మీద చలి లేదు" అని వాపోయాడు.

ఊరందరికీ ఉన్న ఆ గాటు ఒక్క మనిషికి లేదు. ఊఁగారి అన్నయ్యకు.

అన్నయ్య రోజూ పొద్దున్నే, షాపు తెరిచీ తెరవకముందే గడ్డానికి వచ్చేవాడు. స్కూటరు మీద బయలుదేరి, వీధి మూల మీదే ఇంజను ఆపేసి, అక్కడినుంచి రొప్పుతూ తోసుకొచ్చేవాడు. పెట్రోలు ఆదా అని ఊరంతా చెప్పుకునేది. చాలా ఏళ్ళ కిందట, రికార్డు వచ్చాక మొదటిసారి ఆయన లోపలికి అడుగుపెట్టిన క్షణాన ఆవిడ మొదటి పాటలో, ఈ ఇంట్లో నీ పెత్తనం చెల్లదని మొగుడికి చెబుతోంది. అన్నయ్య మొహం చూడగానే ఊఁగారి చెయ్యి దానంతటదే వెళ్ళి ప్లేయరు ముల్లు ఎత్తేసింది. అప్పటినుంచి మెట్టు మీద అన్నయ్య చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఆవిడ నోరు మూతపడేది. గడ్డం నిశ్శబ్దంగా జరిగేది. అయ్యాక అన్నయ్య చెంపలు తడిమి చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు.

అలాంటి అన్నయ్య రిటైరయ్యాడు. రిటైరైన ఇన్‌స్పెక్టరు ఇంట్లో ఉంటే ఉప్పు డబ్బాకు కూడా మనశ్శాంతి ఉండదు. ఒక సోమవారం గడ్డం అయ్యాక కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"ఒరేయ్, గురువారం పొద్దున పార్లరు కంపెనీవాళ్ళు వస్తారు. షాపు వాళ్ళకిచ్చేద్దాం. కాగితం మీద నీ సంతకం కూడా కావాలి."

ఊఁగారు గుడ్డ దులుపుతున్నవాడు ఆగిపోయాడు.

"కుర్చీలు వాళ్ళే తెస్తారు. అద్దాలు, ఏసీ అన్నీ వాళ్ళవే. నువ్వు ఇక్కడే పని చేసుకోవచ్చు. నల్ల చొక్కా ఇస్తారు. పాటలు కూడా హెడ్డాఫీసు నుంచే వస్తాయట, రోజంతా. ఎవరొచ్చినా ఆపరట. అడిగి మరీ తెలుసుకున్నాను. వింటున్నావా?"

"ఊఁ" అన్నాడు ఊఁగారు. చెవిన పడింది హెడ్డాఫీసు దాకానే.

"సరే అయితే. ఒప్పుకున్నావు" అని అన్నయ్య లేచి వెళ్ళిపోయాడు.

మనిషి జీవితంలో కొన్ని లక్షల ఊఁలు అంటాడు. వాటిలో ఒక్కటి ఇలా కాలికి చుట్టుకుంటుందని ఎవరూ ముందుగా చెప్పరు. స్కూటరు స్టార్టయ్యి వెళ్ళిపోయిన చప్పుడు అయ్యాక గానీ ఊఁగారికి తాను ఏమన్నాడో అర్థం కాలేదు. మూల బల్ల మీద ప్లేయరు వైపు చూశాడు. అట్ట మీది ఆవిడ ఆయనకేసి చూస్తోంది. నవ్వడం లేదు.

అప్పటినుంచి ఆయన కాలు కాలిన పిల్లి అయ్యాడు. నూరిన కత్తినే మళ్ళీ తోలుపట్టీ మీద నూరాడు. దువ్వెనలు కడిగాడు, ఆరాక మళ్ళీ కడిగాడు. మధ్య కుర్చీని కిటికీ వైపు జరిపాడు, బాగాలేదని వెనక్కి జరిపాడు, అప్పుడు కిటికీయే తప్పు చోట ఉందనిపించింది. రికార్డు పెడితే ఒక పాట పూర్తికాకుండానే లేచి వెళ్ళి ముల్లు ఇంకో పాట మీద పెట్టేవాడు. కత్తెర పాటకంటే ముందు పరుగెత్తింది. కొంచెం తగ్గించమన్నవాళ్ళకు బాగా తగ్గింది, బాగా తగ్గించమన్నవాళ్ళకు తలలే మిగిలాయి. ఆ వారం ఊళ్ళో ఎన్నడూ బయటపడని చెవులు బయటపడ్డాయి. ఒక ప్లీడరు కోర్టుకు వెళితే జడ్జిగారు ఆయన్ని గుర్తుపట్టలేదు.

మంగళవారం రాత్రి భోజనాల దగ్గర భార్యకు చెప్పక తప్పలేదు. చెప్పడం అంటే, "అన్నయ్య షాపు ఇచ్చేస్తానంటున్నాడు" అన్నాడు. అంత పెద్ద వాక్యం ఆయన నోట విని ఆమె గరిటె కింద పెట్టింది.

"మీరేమన్నారు?"

ఆయన కంచంలోకి చూశాడు.

"అర్థమైంది. ఆ మాటే అన్నారు కదూ."

"ఊఁ."

"రేపు వెళ్ళి కాదని చెప్పండి."

ఆయన మంచినీళ్ళు తాగాడు. లేచాడు. కిటికీ మూశాడు. గాలి రావడం లేదని తెరిచాడు. వచ్చి కూర్చున్నాడు.

"ఏమండీ, ఒకటి చెప్పనా? పాతికేళ్ళకు పైగా చూస్తున్నాను. మీకు నా మీద కోపమొస్తే ఈలలో రెండో పాట వేస్తారు. ప్రేమొస్తే మూడో పాట. మీరు నాతో ఒక్కసారీ పోట్లాడలేదు, నిజమే. ఆవిడ చేత పోట్లాడించారు. ఆవిడ నోరు అద్దెకు తెచ్చుకుని కాపురం చేశారు. నేను సర్దుకున్నాను, నాకూ ఆవిడంటే ఇష్టం కాబట్టి. కానీ మీ అన్నయ్య దగ్గర ఆవిడ నోరు కూడా మీరే మూస్తారు. ఇక మీ తరఫున ఎవరు మాట్లాడాలి?"

ఊఁగారు ఊఁ అనబోయి, ఎందుకో మానేశాడు.

బుధవారం మధ్యాహ్నానికి వార్త బస్టాండు చేరింది. అనౌన్సరు డ్యూటీ మధ్యలో వచ్చేశాడు. ఆ పూట కొన్ని బస్సులు పిలిచేవాళ్ళు లేక వాటంతటవే వెళ్ళిపోయాయి. జుట్టు పొట్టిదైపోయిన ప్లీడరు కూడా ఆయన వెంట వచ్చాడు. బల్ల మీద కూర్చుని ఇద్దరూ అత్యవసర సమావేశం జరిపారు.

"ఊఁగారూ, ఇది మీ షాపు ఒక్కదాని సమస్య కాదు. నా ఉద్యోగం తిన్న పాటండీ అది. దాని ముందు హెడ్డాఫీసు పాటలా? గమనించగలరు" అన్నాడు అనౌన్సరు.

"చట్టప్రకారం ఊఁ అనేది అంగీకారం కాదు" అన్నాడు ప్లీడరు. "అయితే కాదు అనడానికి కూడా ఆధారం లేదు."

"మీరు ఊరుకోండి సార్. రిహార్సలు చేద్దాం. నేను మీ అన్నయ్యని. ఇదిగో వచ్చాను, కూర్చున్నాను." అనౌన్సరు మధ్య కుర్చీలో కూర్చుని, గంభీరంగా కనుబొమలు ముడిచాడు. "ఒరేయ్ తమ్ముడూ, సంతకం పెట్టరా."

ఊఁగారు కత్తి తెరిచాడు, మూశాడు.

"కత్తి ఎందుకండీ? నోరు తెరవండి."

ఊఁగారు నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాలేదు. ప్లీడరు ముందుకు వంగి, డాక్టరులా లోపలికి చూశాడు.

"లాభం లేదు" అని తేల్చాడు అనౌన్సరు. "ఈయన చెప్పలేడు. ఆవిడే చెప్పాలి. రేపు మీ అన్నయ్య వచ్చేసరికి నాలుగో పాట తిరుగుతూ ఉండాలి. మీరు ఆపకూడదు, అంతే. కేక వినపడిందంటే ఆయనకే అర్థమవుతుంది. ఇందులో మీరు చేయవలసింది ఏమీ లేదు. ఏమీ చేయకపోవడమే మీ పని. అది కూడా చేతకాదా?"

"ఊఁ" అన్నాడు ఊఁగారు. అది చేతవుననో కాదనో ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా.

గురువారం పొద్దున షాపు తలుపు తీసేసరికే అనౌన్సరూ ప్లీడరూ బయట బెంచీ మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే పేపరు, అదీ తలకిందులుగా. ఊఁగారు రికార్డు తుడిచి, ముల్లు నాలుగో పాట మీద దించాడు. జోలపాట మొదలైంది. పటిక అందేలా పెట్టుకున్నాడు. నురగ కలిపాడు. ఎక్కువైంది, పారబోసి మళ్ళీ కలిపాడు. వీధి మూల మీద స్కూటరు ఆగిన చప్పుడు. తోసుకొస్తున్న రొప్పు. ఆవిడ తాను ఓర్చుకున్నవి చెబుతోంది. మెట్టు మీద చెప్పుల చప్పుడు.

ఊఁగారి చెయ్యి వెళ్ళి ముల్లు ఎత్తేసింది.

ఆయన ఎత్తలేదు. చెయ్యి ఎత్తింది. ముప్పయ్యేళ్ళు చేసిన పనికి యజమానితో పనిలేదు. బెంచీ మీద పేపరు కిందపడిన చప్పుడైంది.

అన్నయ్య వచ్చి చేతిలోని కవరు అద్దం ముందు పెట్టి కూర్చున్నాడు. "వాళ్ళు పదింటికి వస్తారు. త్వరగా కానీ" అన్నాడు. ఊఁగారు గుడ్డ కప్పాడు. నురగ పూశాడు. కత్తి తెరిచాడు. కుడి చెంప మీద పెట్టబోయాడు. షాపంతా నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం తనకు కొత్తేమీ కాదు, రోజూ ఉండేదే. కానీ ఇవాళ అది నాలుగో పాటలో డ్రమ్ము ఆగిపోయాక వచ్చే నిశ్శబ్దంలా ఉంది. దాని తరవాత ఏదో ఒకటి రావాలి. అనేవాళ్ళు ఎవరూ లేరు.

పీక మీద కత్తి పెట్టి మాట్లాడటం మర్యాద కాదు. ఊఁగారు కత్తి మూసి బల్ల మీద పెట్టాడు.

"అన్నయ్యా, నేను సంతకం పెట్టను."

అద్దంలో అన్నయ్య కళ్ళు పైకి లేచాయి.

"మొన్న ఊఁ అన్నావుగా?"

"అన్నాను. నేను అన్నిటికీ అంటాను. అది ఒప్పుకోవడం కాదు, ఊపిరి."

అక్కడితో ఆపితే బాగుండేది. ఎప్పుడూ మాట్లాడే మనిషికి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాడికి ఆ కిటుకు తెలియదు.

"నాకు నల్ల చొక్కా వద్దు. నాన్న వేసిన కుర్చీలివి. నువ్వు జనం ముందు నన్ను ఒరేయ్ అంటావు, నాకు యాభై దాటాయి. నాన్న గడియారం రిపేరు చేయిస్తానని పట్టుకెళ్ళావు, ఇంతవరకూ తేలేదు. చిన్నప్పుడు సైకిలు గంట ఊడదీసింది నువ్వు, నాన్న కొట్టింది నన్ను. ఇన్నేళ్ళుగా గడ్డం చేస్తున్నాను, బాగుందిరా అని ఒక్కసారి అనలేదు. చెంప తడిమి చూసుకుని పోతావు, ఎంత తక్కువ తూగిందో చూసినట్టు. ఇంకా..."

ఇంకా ఉన్నాయి. చాలా ఉన్నాయి. వరసలో నిలబడి ఉన్నవన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చి గుమ్మంలో ఇరుక్కుపోయాయి. అన్నయ్య మొహం మీద నురగ ఎండి, చిన్న చిన్న పగుళ్ళిచ్చింది.

"అయిందా?" అన్నాడు అన్నయ్య.

"అయింది. ఇంకా ఉన్నాయి గానీ గుర్తు రావడం లేదు."

"ఆ పాట ఎందుకాపావు?"

ఊఁగారికి ప్రశ్న అర్థం కాలేదు. "ఏ పాట?"

"ఏ పాటేమిటి? రోజూ ఆపుతావు చూడు, అది."

"నువ్వొచ్చావని."

"నేనెప్పుడైనా ఆపమన్నానా?"

ఊఁగారు ఆలోచించాడు. ముప్పయ్యేళ్ళు వెనక్కి వెళ్ళి, వెతికి, తిరిగి వచ్చాడు. అనలేదు.

"రోజూ బండి మూల మీద ఆపి ఎందుకు తోసుకొస్తాననుకున్నావు?"

"పెట్రోలు..."

"పెట్రోలు నీ మొహం. బండి చప్పుడు వినపడితే ఆపేస్తావని. తోసుకొస్తే మెట్టు ఎక్కేదాకా పాట వినపడేది. సరిగ్గా మంచి చోటుకొచ్చేసరికి టక్కుమని ఆగేది. ఆ రికార్డులో ఒక్క పాట చివర నాకు తెలియదురా. ఆ మొదటి పాటలో మొగుడున్నాడే, వాణ్ణి చివరికి ఇంట్లోంచి పంపేస్తుందా, ఉండనిస్తుందా?"

"పంపదు. ఆవిడే వెళ్ళిపోతుంది."

అన్నయ్య ఈ సమాచారాన్ని కాసేపు తూచాడు. "మంచిపని చేసింది" అన్నాడు చివరికి. తరవాత గుడ్డ కిందనుంచి చెయ్యి తీసి, కాలరు కిందికి లాగి, ఎడమ చెవి కింద వేలు పెట్టి చూపించాడు. నురగ లేని ఆ కాస్త చోటు పసిపిల్లాడి చర్మంలా నున్నగా ఉంది.

"నా రిటైర్మెంటు నాడు ఆఫీసులో ఏం జరిగిందో తెలుసా? గుమాస్తా దగ్గర్నుంచి మా పై ఆఫీసరు దాకా ఇక్కడ తడిమి ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటున్నారు. 'మీ తమ్ముడుగారు పెట్టిందే సార్. మీదేదీ?' అన్నాడొకడు. నేను కాలరు పైకి లాక్కుని, సన్మానం శాలువా మెడకు చుట్టుకున్నాను. ఎండాకాలంలో. ఊళ్ళో దారినపోయే ప్రతివాడికీ వినిపించావు. సొంత అన్నని, నాకు మాత్రం ఆపేశావు."

"అడగొచ్చుగా అన్నయ్యా?"

"పెద్దవాణ్ణి. అడుగుతానా?"

ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ముక్కు, ఒకే గడ్డం, తండ్రివి. చెయ్యి పంచుకుపోయినవాడికి నోరు లేదనుకుంటే, నోరు పంచుకుపోయినవాడు దాన్ని ఇన్నాళ్ళూ బియ్యం బస్తాల మీదే ఖర్చుపెట్టాడు.

"అందుకనా ఆ పార్లరు?" అన్నాడు ఊఁగారు నెమ్మదిగా.

"వాళ్ళు ఎవరొచ్చినా ఆపరట" అన్నాడు అన్నయ్య, మొన్న అన్నంత గట్టిగానే. "నీకు వినపడేలా చెప్పాను కూడా."

ఊఁగారు వేడినీళ్ళతో ఎండిన నురగ తుడిచి, మళ్ళీ పూశాడు. కత్తి తోలుపట్టీ మీద ఇంకోసారి నూరాడు. వెళ్ళి ముల్లు నాలుగో పాట మొదట్లో దించాడు.

జోలపాట మొదలైంది. కత్తి కుడి చెంప మీద నడిచింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో రెండు తలలు ప్రత్యక్షమయ్యాయి, ఒకటి నున్నగా, ఒకటి అనవసరంగా పొట్టిగా. ఆవిడ ఓర్చుకున్నవి ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. కత్తి గడ్డం కింద తిరిగి ఎడమ వైపు వచ్చింది. డ్రమ్ము ఆగింది. అనౌన్సరు ఊపిరి బిగబట్టాడు. అన్నయ్య మెడ కాస్త ముందుకు చాచాడు.

కేక వచ్చింది. అద్దాలు అదిరాయి. పటిక ముక్క బల్ల మీద గిరగిరా తిరిగింది.

ఊఁగారి చెయ్యి కదలలేదు. గోడకు మేకు కొట్టినట్టు ఉంది.

పాట చివరిదాకా నడిచింది. ముల్లు లేచాక అన్నయ్య కళ్ళు తెరిచి, చెయ్యి పెట్టి ఎడమ చెవి కింద తడిమాడు. అద్దంలో చూశాడు. చేతి అద్దం అడిగి పక్కనుంచి చూశాడు. వెలుతురు చాలదని గుమ్మంలోకి వెళ్ళి ప్లీడరుకు చూపించాడు.

"ఏమైనా ఉందాండీ?"

ప్లీడరు కళ్ళద్దాలు పైకి తోసి పరిశీలించాడు. "రికార్డులో ఏమీ లేదు సార్" అన్నాడు విచారంగా.

అన్నయ్య వెనక్కి తిరిగాడు. "ఏమిట్రా ఇది? ఊరందరికీ పడింది."

"పడలేదు అన్నయ్యా. నాకూ తెలియడం లేదు." ఊఁగారు తన చేతిని కొత్తగా చూసుకుంటున్నాడు. "కావాలంటే చిన్నది పెట్టనా?"

"కావాలని పెడితే అదేం గాటురా? దానంతటది పడాలి." అన్నయ్య అద్దం ముందున్న కవరు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఫోను తీసి ఎవరికో చేశాడు. "నేనండీ. ఇవాళ రావద్దు. కుదరదు. రేపా? రేపూ చెప్పలేను. ఇక్కడ నా పని ఒకటి మిగిలిపోయింది."

మర్నాడు స్కూటరు మూల మీద ఆగలేదు. మెట్టు దాకా పెద్ద చప్పుడు చేస్తూ వచ్చింది. పాట ఆగలేదు. కేక వచ్చింది, చెయ్యి కదలలేదు. ఆ మర్నాడూ అంతే. పటిక ముక్క అరగడం మానేసి అలమరలో దుమ్ము పట్టింది. నాన్న గడియారం రిపేరై అద్దం పక్కకు వచ్చింది, తప్పు టైము చూపిస్తూ. అన్నయ్యకు ఈమధ్య కుదురు లేదు. పొద్దున ఒకసారి వచ్చి, సాయంత్రం గడ్డం మొలవకుండానే ఇంకోసారి వస్తాడు. బెంచీ మీదివాళ్ళు ముందు ఆయన ఎడమ చెవి కిందికి చూసి, తరవాత నమస్కారం పెడతారు.

"బాగానే చేశావురా, తమ్ముడూ" అంటాడు చెంప తడుముకుని. అదీ నిరాశగానే.

"రేపు చూద్దాం అన్నయ్యా. ఇవాళ కూడా నిలకడగానే ఉంది చెయ్యి. నేనేం చెయ్యను? నువ్వు కూర్చుంటే ఇక అదరడం లేదు. బయటివాళ్ళకు కూడా అదరడం తగ్గింది. అనౌన్సరుగారు నిన్న కోప్పడ్డారు. అయినా రేపు తప్పకుండా రా."

"ఊఁ" అంటాడు అన్నయ్య.